నవల దిద్దేటప్పుడు ఒక్కో పాత్రనే పట్టుకోండి

నవల మొదటి ప్రతి పూర్తవగానే మొదటి పేజీ నుంచి అక్షరదోషాలు దిద్దుకుంటూ కూర్చోకండి. రేపు తీసేయబోయే అధ్యాయంలో కామాలు సరిచేసి ఏం లాభం? ముందు మొత్తం ప్రింట్ తీయించండి. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల వాళ్లతో కిటకిటలాడే జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ కూడా చేసిస్తారు.

తర్వాత ఒక పాత్రను ఎంచుకుని, ఆ మనిషి మాటల కింద మాత్రమే రంగు పెన్నుతో గీత పెడుతూ చివరిదాకా వెళ్లండి. గీత పెట్టినవన్నీ వరసగా పైకి చదవండి. మధ్యలో కథనం జోలికి పోవద్దు. హైదరాబాద్‌లో నడిచే నవలకు ఇది మరీ అవసరం. ఇక్కడ ఒకే అపార్ట్‌మెంట్‌లో వరంగల్ వాళ్లూ గుంటూరు వాళ్లూ ఉంటారు, వాచ్‌మన్‌ది ఇంకో ఊరు. మూడో అధ్యాయంలో "ఏం జేస్తున్నవ్ రా" అన్నవాడు, ఏ కారణమూ లేకుండా పదో అధ్యాయంలో "ఏం చేస్తున్నావురా" అంటాడు. మనం అలసిపోయిన చోట మన యాసే పాత్ర నోట్లో దూరుతుంది. మామూలుగా చదువుకుంటూ పోతే ఇది దొరకదు, కథ మనల్ని లాక్కుపోతుంది కదా!

అదే ప్రతిలో సంవత్సరాలు కూడా మార్జిన్‌లో రాసుకోండి. మెట్రో మొదలైంది 2017 నవంబర్‌లో. 2015 కథలో హీరోయిన్ అమీర్‌పేట స్టేషన్‌లో రైలు దిగిందంటే పాఠకులు ఊరుకోరు, ఆమెను సిటీ బస్సు ఎక్కించాల్సిందే.

అక్షరదోషాలు అన్నిటికన్నా ఆఖరున.