జీసీ-ఎంఎస్ అక్విజిషన్ మెథడ్: పీక్ వెడల్పు నుంచి వెనక్కి లెక్కించుకోవడం

జీసీ-ఎంఎస్ (గ్యాస్ క్రోమటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీ) అంటే నమూనాలోని పదార్థాలను కాలమ్ అనే సన్నని గొట్టంలో విడదీసి, వాటి అయాన్లను కొలిచే యంత్రం. అందులో రన్ ముగిసిన తర్వాత ఇంటిగ్రేషన్ హద్దులు మార్చుకోవచ్చు, కాలిబ్రేషన్ గీతను మళ్లీ గీసుకోవచ్చు, లైబ్రరీ శోధన ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. కానీ రన్ జరుగుతున్నప్పుడు యంత్రం కొలవని అయాన్‌ను, ఫిలమెంట్ (అయనీకరణకు ఎలక్ట్రాన్లు ఇచ్చే తీగ) వెలగకముందే దాటిపోయిన పదార్థాన్ని ఫైలులోకి తిరిగి తెచ్చుకునే దారి లేదు. అందుకే పాత మెథడ్‌కు, అంటే రన్‌లో యంత్రం పాటించే అమరికల ఫైలుకు, పేరు మార్చి వాడుకోవడం కంటే, ప్రతి విలువనూ మన నమూనాకు తగినట్లు ఆలోచించి పెట్టుకోవడం మేలు. ఇక్కడ చెప్పేదంతా 70 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్ అయనీకరణంతో పనిచేసే సింగిల్ క్వాడ్రుపోల్ (అయాన్లను వేరుచేసే నాలుగు కడ్డీల అమరిక ఒక్కటే ఉన్న) యంత్రం గురించి. లైబ్రరీలలోని స్పెక్ట్రాలు ఆ శక్తి వద్దే నమోదయ్యాయి కాబట్టి దాన్ని కదపవద్దు.

మెథడ్ తెరిచే ముందు ట్యూన్ నివేదిక, అంటే యంత్రం సరిగ్గా కొలుస్తోందో లేదో చెప్పే నివేదిక, చూడాలి. ట్యూన్‌కు వాడే ప్రామాణిక పదార్థం పీఎఫ్‌టీబీఏ ఇచ్చే 69, 219, 502 అయాన్లు (ఈ సంఖ్యలు ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తులు) తమ స్థానాల్లో, సరైన వెడల్పుతో కనిపించాలి. 18, 28, 32 వద్ద నీరు, నైట్రోజన్, ఆక్సిజన్ ఎంత ఉన్నాయో గమనించాలి. 28, 32 రెండూ పెద్దవిగా, దాదాపు నాలుగుకు ఒకటి పాళ్లలో కనిపిస్తే ఎక్కడో గాలి లీకవుతోందన్నమాట. దాన్ని సరిచేయకుండా మెథడ్ మీద ఎంత శ్రమపడినా వృథాయే.

క్రోమటోగ్రఫీ వైపు అమరికలు త్వరగా తేలిపోతాయి. 30 మీటర్ల పొడవు, 0.25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న కాలమ్‌కు హీలియం ప్రవాహం నిమిషానికి 1.0 నుంచి 1.2 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఓవెన్ వేడెక్కే కొద్దీ ప్రవాహం తగ్గిపోకుండా స్థిర ప్రవాహ పద్ధతిని ఎంచుకోవాలి. స్ప్లిట్‌లెస్ ఇంజెక్షన్‌లో (నమూనాలో దాదాపు అంతా కాలమ్‌లోకే పంపే పద్ధతిలో) ఓవెన్ తొలి ఉష్ణోగ్రత సాల్వెంట్ మరిగే స్థానం కంటే 10 నుంచి 20 డిగ్రీలు తక్కువగా ఉంటే తొలి పీకులు (పదార్థాలు బయటికి వచ్చేటప్పుడు గ్రాఫులో కనిపించే శిఖరాలు) సన్నగా వస్తాయి. హెక్సేన్ 69 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది కాబట్టి దానికి 50 డిగ్రీలు అనువైన మొదలు. ట్రాన్స్‌ఫర్ లైన్ 280, అయాన్ సోర్స్ 230, క్వాడ్రుపోల్ 150 డిగ్రీలు చాలా పనులకు సరిపడే ప్రారంభ విలువలు.

సాల్వెంట్ డిలే, అంటే సాల్వెంట్ దాటేదాకా ఫిలమెంట్‌ను ఆపి ఉంచే సమయం, విషయంలో తొందర పనికిరాదు. సాల్వెంట్ ఆవిరి సోర్స్‌లోకి వచ్చే సమయానికి ఫిలమెంట్ వెలిగి ఉంటే దాని ఆయుష్షు తగ్గుతుంది, డిటెక్టర్ మీదా భారం పడుతుంది. కొత్త మెథడ్‌లో డిలేను కొంచెం ఎక్కువగానే పెట్టి, వ్యాక్యూమ్ గేజ్‌లో పీడనం పెరిగి మళ్లీ మామూలు స్థాయికి ఎప్పుడు దిగుతుందో చూసి, ఆ తర్వాతే తగ్గించుకుంటూ రావాలి. డెరివటైజేషన్ చేసిన (రియేజెంట్‌తో రసాయనికంగా మార్చిన) నమూనాల్లో మిగిలిన రియేజెంట్ సాల్వెంట్ తర్వాత వస్తుందని మరచిపోకూడదు.

ఏమున్నాయో తెలియని నమూనాకు ఫుల్ స్కాన్, అంటే ఒక పరిధిలోని అయాన్లన్నింటినీ చదివే పద్ధతి, వాడాలి. స్కాన్‌ను 35 నుంచి మొదలుపెడితే గాలి, నీటి అయాన్లు బయటే ఉండిపోతాయి. పై హద్దును మాత్రం, రావచ్చనుకున్న అతిపెద్ద అణుభారానికి కొంచెం పైన ఆపాలి. అలవాటుగా 800 వరకు సాగదీస్తే ఆ ఖాళీ భాగాన్ని చదవడానికే సమయం పోతుంది. థ్రెషోల్డ్ (నమోదు చేయడానికి కావలసిన కనీస సంకేత స్థాయి) మరీ ఎక్కువైతే చిన్న అయాన్లు రాలిపోయి లైబ్రరీ పోలిక దెబ్బతింటుంది.

వెతకవలసినవి ముందే తెలిసి, అవి అతి తక్కువ మోతాదులో ఉన్నప్పుడు సిమ్ పద్ధతి (ఎంచుకున్న కొన్ని అయాన్లనే కొలిచే సెలెక్టెడ్ అయాన్ మానిటరింగ్) వాడాలి. ప్రతి పదార్థానికి కొలతకు ఒక అయాన్, నిర్ధారణకు రెండు అయాన్లు తీసుకోవడం మంచిది. అయాన్ ఎంత పెద్దదన్నదే కాక, దాని చోట నేపథ్యం ఎంత శుభ్రంగా ఉందన్నదీ చూడాలి. 73, 207, 281 వద్ద కాలమ్ బ్లీడ్ (కాలమ్ లోపలి పూత నుంచి ఊడివచ్చే పదార్థాలు), 149 వద్ద ప్లాస్టిక్‌ల నుంచి వచ్చే థాలేట్లు తరచూ అడ్డు తగులుతాయి. ఫెనాంథ్రీన్, ఆంథ్రసీన్‌లు రెండింటికీ ప్రధాన అయాన్ 178 కాబట్టి వాటిని సిమ్ విడదీయలేదు, ఆ పని కాలమ్‌దే. అయాన్ విలువను పుస్తకంలో చూసి పూర్ణాంకంగా రాయకుండా, మన యంత్రంలోనే స్టాండర్డ్‌ను స్కాన్ చేసి, కనిపించిన దశాంశంతో సహా నమోదు చేయాలి.

ఇక డ్వెల్ టైం, అంటే ఒక్కో అయాన్‌ను కొలవడానికి యంత్రం ఆగే సమయం. పీకును నమ్మకంగా కొలవాలంటే దాని మీద కనీసం 10, వీలైతే 12 నుంచి 15 బిందువులు పడాలి. మీ క్రోమటోగ్రామ్‌లో అన్నింటికంటే సన్నని పీకు అడుగు వెడల్పు 4 సెకన్లు అనుకుందాం. 12 బిందువులు కావాలంటే ఒక్కో చక్రం (అయాన్లన్నింటినీ ఒకసారి కొలిచే వరుస) దాదాపు 330 మిల్లీసెకన్లలో ముగియాలి. గ్రూపులో (రన్‌లో ఒక కాలవ్యవధిలో కలిపి కొలిచే అయాన్ల జాబితాలో) 6 అయాన్లుంటే ఒక్కోదానికి 55 వస్తుంది. అయాన్ మారేటప్పుడు పోయే సమయాన్ని తీసేస్తే 50 మిల్లీసెకన్లు పెట్టుకోవచ్చు. అదే గ్రూపులో 20 అయాన్లు కుక్కితే ఒక్కోదానికి 16 కూడా మిగలదు, నాయిస్ పెరుగుతుంది. బిందువులు తగ్గించడమా, డ్వెల్ తగ్గించడమా అని తర్జనభర్జన పడే కంటే గ్రూపును రెండుగా చీల్చడమే నా దృష్టిలో సరైన పరిష్కారం. స్కాన్, సిమ్ రెండూ ఒకే రన్‌లో నడిపితే చక్ర సమయంలో స్కాన్ వాటాను కూడా కలపాలి. ఈ లెక్క వేయకుండా ఆ సదుపాయాన్ని ఆన్ చేసేవారే ఎక్కువ.

గ్రూపుల మధ్య హద్దు ఏ పీకూ లేని ఖాళీలో, రెండు వైపులా వీలైనంత ఎడంగా ఉండాలి. ఒకసారి నేను హద్దును ఒక పీకు మొదలుకు కొన్ని సెకన్ల ముందే పెట్టాను. కొన్ని వారాల తర్వాత కాలమ్ ముందు భాగాన్ని కొంత కత్తిరించగానే రిటెన్షన్ టైం (పదార్థం కాలమ్ దాటడానికి పట్టే సమయం) తగ్గి, ఆ పీకు సగం పాత గ్రూపులో పడి మాయమైంది. నమూనాలు రన్ అయిపోయాకే ఆ సంగతి తెలిసింది. కాలమ్ కత్తిరించిన ప్రతిసారీ స్టాండర్డ్‌ను స్కాన్‌లో నడిపి హద్దులను మళ్లీ చూసుకోవాలి.

చివరగా ముందు బ్లాంక్‌ను (వెతికే పదార్థాలు లేని నమూనాను), తర్వాత అతి తక్కువ గాఢత ఉన్న స్టాండర్డ్‌ను నడిపి, ప్రతి పీకునూ పెద్దది చేసి బిందువులను కంటితో లెక్కపెట్టాలి. నిర్ధారణ అయాన్ల నిష్పత్తి ఎక్కువ గాఢత స్టాండర్డ్‌లో కనిపించినట్లే ఉందో లేదో పోల్చాలి. అన్నీ కుదిరాక మెథడ్‌ను తేదీ, కాలమ్ వరుస సంఖ్యలతో కొత్త పేరున భద్రపరచి, వాడిన ట్యూన్ ఫైలు పేరును దాని వ్యాఖ్యల గడిలో రాసిపెట్టాలి.