కుక్కతో కొండల్లో టెంటు వేస్తే: ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలి

చలికాలం వచ్చిందంటే లంబసింగి, మారేడుమిల్లి, అరకు వైపు టెంటు పట్టుకుని వెళ్లేవారిలో పెంపుడు కుక్కను వెంట తీసుకెళ్లేవారు కూడా ఉంటారు. వారి కోసమే ఇది రాస్తున్నాను. కుక్కను వెతుక్కుంటూ వచ్చే ఆపద తక్కువ. అదే వాసన పట్టుకుని, ఉరుకుతూ వెళ్లి ఆపదలో పడుతుంది. మెడ తాడు మీ చేతిలో ఉన్నంతసేపు ఈ కింద రాసినవాటిలో చాలా వరకు మీ దాకా రావు. వచ్చినవాటిని తొలి గుర్తులోనే పట్టుకోవాలి, ఎందుకంటే ఒంట్లో బాగాలేదని కుక్క నోటితో చెప్పలేదు.

ముందుగా స్థలం సంగతి. పాపికొండలు, నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్, కవ్వాల్ లాంటి రక్షిత అడవుల్లో అనుమతి లేకుండా రాత్రి గడపడం చట్టవిరుద్ధం. అక్కడికి కుక్కను అసలే తీసుకెళ్లకూడదు. 2018లో గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు, కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ వాటిలో కొన్నింటిలో బయటపడింది. మనం ముద్దుగా పెంచుకునే జీవి అడవి జంతువుకు మృత్యువు కాకూడదు. కాఫీ తోట, జీడిమామిడి తోట, ఊరి పక్క బీడు భూమి చూసుకుని, యజమానిని అడిగి, కారు దగ్గర్లో ఉండేలా టెంటు వేసుకోండి. రేబిస్, డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్ టీకాలు కనీసం రెండు మూడు వారాల ముందే పూర్తి కావాలి. దారిలో ఏ పట్టణంలో పశువైద్యుడు ఉన్నారో, రాత్రిపూట ఫోన్ ఎత్తుతారో లేదో బయలుదేరే ముందే కనుక్కోండి.

చీకట్లో ఒకే దిక్కుకు చూస్తూ మొరుగుతోంది, లేదా ఉన్నట్టుండి మౌనమైపోయింది

ఈ రెండూ ఒకటి కావు. తోక పైకెత్తి, ముందుకు లాగుతూ గట్టిగా మొరుగుతోందంటే ఎక్కువసార్లు ఊరకుక్కో, దారి తప్పిన ఆవో, పొదల్లో కదిలిన అడవి పందో అయి ఉంటుంది. తోక కాళ్ల మధ్యకు వెళ్లి, వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని, మొరగకుండా మీ కాళ్ల వైపు వెనక్కి జరుగుతోందంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఊళ్ల అంచున తిరిగే చిరుతపులికి కుక్క సులువుగా దొరికే ఆహారం. టెంటు బయట గుంజకు కట్టేసిన కుక్క పారిపోలేదు, పోరాడలేదు.

అందువల్ల రాత్రి కుక్క టెంటు లోపలే పడుకోవాలి. ఇందులో మినహాయింపు లేదు, అది ఎంత పెద్ద జాతిదైనా సరే. ఏముందో చూద్దామని టార్చి పట్టుకుని పొదల్లోకి వెళ్లకండి. బయట ఒక దీపం వెలిగించి, గట్టిగా మాట్లాడండి. అనుమానం తీరకపోతే కుక్కతో సహా కారులోకి మారి తెల్లవారే దాకా అక్కడే ఉండండి. మిగిలిన తిండిని, కుక్క గిన్నెను చీకటి పడకముందే కారులో పెట్టేయాలి. ఆ వాసనకు ఎలుగుబంటి, పంది రెండూ వస్తాయి.

ఏమీ లేకుండానే రాత్రంతా లేచి కూర్చుంటోందా? కొత్త చోటు, టెంటు గుడ్డ చప్పుడు దానికి అలవాటు లేవు. వెళ్లే ముందు ఇంటి మేడ మీద టెంటు వేసి ఒకటి రెండు రాత్రులు అందులో పడుకోబెట్టండి. ఇంట్లో అది పడుకునే పాత దుప్పటిని ఉతక్కుండా అలాగే తీసుకెళ్లండి.

తాడు తెంచుకుని పారిపోయింది

కుందేలో అడవికోడో కనిపించి ఉంటుంది. అడవిలో దారి తప్పడం కన్నా పొలాల గట్ల మీద దానికి ప్రమాదం ఎక్కువ. పందుల నుంచి పంటను కాపాడుకోవడానికి కొన్నిచోట్ల కరెంటు తీగలు లాగుతారు, ఉచ్చులు పన్నుతారు, తిండిలో నాటుబాంబు చుట్టి పడేస్తారు. ఇవన్నీ చట్టవిరుద్ధమే, అయినా ఉంటాయి. ఆ బాంబును కొరికిన కుక్క దవడే మిగలదు. అందుకే టెంటు వేయకముందే స్థలం యజమానిని సూటిగా అడగండి: "ఇక్కడ పందులకు తీగలు, మందుగుండు ఏమైనా పెట్టారా అండీ?" ఊరివాళ్లు ఏ గట్టు దాటకూడదో వేలు పెట్టి చూపిస్తారు.

ఎలుగుబంటి విషయం ఇంకా ప్రమాదకరం. విడిచిన కుక్క దాన్ని చూసి మొరుగుతుంది, అది మీదికి రాగానే భయపడి నేరుగా మీ దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, వెనకాలే ఎలుగుబంటీ వస్తుంది.

కుక్క కనపడకపోతే అందరూ తలో దిక్కుకు పరుగెత్తకండి. అది చివరిసారి ఉన్నచోట ఒకరు ఆగి, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి. అరుపులో కోపం వినపడితే అది ఇంకా దూరం పోతుంది. మీరు ఒంటి మీద వేసుకున్న చొక్కా, ఒక గిన్నెలో నీళ్లు అక్కడే ఉంచండి. చాలా కుక్కలు తమ వాసన పట్టుకుని బయలుదేరిన చోటికే తిరిగి వస్తాయి. పట్టీ మీద మీ ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల ఉంటే దాన్ని చూసిన మేకల కాపరి మీకు కబురు చేయగలడు. తీగ మీద పడి ఉన్న కుక్కను మాత్రం ముట్టుకోకండి. ముందు రైతు కరెంటు ఆపాలి.

ఇకముందు ఇలా జరగకుండా మెడపట్టీకి బదులు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడండి, మెడపట్టీ నుంచి తల తీసేసుకోవడం కుక్కలకు సులువు. పగలు టెంటు దగ్గర అయిదు మీటర్ల తాడు చాలు. ఆ తాడును టెంటు తాళ్లకు, పొయ్యికి దూరంగా ఒక చెట్టు మొదలుకు కట్టాలి.

నాలుక బయటపెట్టి విపరీతంగా రొప్పుతోంది, చొంగ జిగురుగా కారుతోంది

వడదెబ్బ. చలికాలం కదా అని నమ్మకం పెట్టుకోవద్దు. గండికోట లాంటి రాతి నేల మీద డిసెంబరు మధ్యాహ్నం కూడా ఎండ కాలుస్తుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడం ద్వారానే అది చల్లబడుతుంది. పగ్, బుల్‌డాగ్, షిట్జు లాంటి పొట్టిముక్కు జాతులకు ఆ శక్తి కూడా తక్కువ. వాటిని కొండ ఎక్కించకపోవడమే మంచిది.

కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 40 దాటితే ప్రమాదం, 41 దాటితే ప్రాణానికే ముప్పు. చిగుళ్లు ఇటుక రంగులోకి మారడం, తూలడం, వాంతి చేసుకోవడం కనిపిస్తే అప్పటికే ఆలస్యమైనట్టు. నీడలోకి మార్చి, ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల సందుల్లో చల్లని నీళ్లు పోస్తూ విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే కాసేపటికి అదే వేడిని లోపల బంధిస్తుంది. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వేడి 39.5కు దిగగానే నీళ్లు పోయడం ఆపి పశువైద్యుని దగ్గరికి బయలుదేరండి. లేచి నిలబడినా సరే వెళ్లాలి, మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి మరుసటి రోజు గానీ బయటపడదు.

అరచేతి వెనుక భాగాన్ని రాతి మీద 7 సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ భరించలేవు. నీళ్లు ఇంటి దగ్గరే కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి. నడిచే రోజున అంతకు రెట్టింపు మోసుకెళ్లండి.

కుంటుతోంది, చెవి విదిలిస్తోంది, ఆగకుండా తుమ్ముతోంది

ఇవి చిన్నవిగా కనిపించినా వదిలేయకూడదు. పాదంలో పల్లేరుకాయ గుచ్చుకుంటే కుంటుతుంది. వేళ్ల మధ్య విడదీసి చూసి, పట్టకారుతో లాగి, ఉప్పునీటితో కడిగితే సరి. ఎండుగడ్డి ముల్లుతో వచ్చేది వేరే సమస్య. దాని మొన ఒకవైపుకే జారుతుంది, అంటే లోపలికి వెళ్తుందే గానీ వెనక్కి రాదు. చెవిలోకి పోతే తల ఒకవైపుకు వంచి విదిలిస్తుంది, ముక్కులోకి పోతే గుక్కతిప్పుకోకుండా తుమ్ముతుంది. బయటికి కనిపిస్తుంటే తీయండి, కనిపించకపోతే పుల్లతో కెలకవద్దు, నూనె పోయవద్దు.

మూతి లేదా కాలు ఉబ్బింది

తేనెటీగ, తేలు, పాము, ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. తేనెటీగ కుడితే మూతి ఉబ్బినా కుక్క మామూలుగానే తిరుగుతుంది. కొండచరియ కింద తేనెపట్టు ఉన్నచోట పొయ్యి వెలిగిస్తే మాత్రం కుట్టేది ఒకటీ రెండూ కాదు, అందుకే స్థలం ఎంచుకునేటప్పుడు తలెత్తి చూడాలి. ఊపిరి కష్టమైనా, చిగుళ్లు పాలిపోయినా వెంటనే వైద్యం కావాలి.

పాము విషం రెండు రకాలుగా పనిచేస్తుంది, కొన్నింటిది రక్తం మీద, కొన్నింటిది నరాల మీద. రక్తపింజరి, చిన్నపింజరి కరిస్తే వాపు, నొప్పి, కరిచినచోట రక్తం ఆగకపోవడం కనిపిస్తాయి. నాగుపాము కరిస్తే వాపుతో పాటు పక్షవాతం లాంటి బలహీనత వస్తుంది. కట్లపాము కాటే అందరినీ మోసం చేస్తుంది: వాపు ఉండదు, నొప్పి ఉండదు. కొన్ని గంటల తర్వాత వెనక కాళ్లు తడబడతాయి, రెప్పలు వాలతాయి, మొరిగే గొంతు మారిపోతుంది. రాత్రి బయటికి వెళ్లొచ్చిన కుక్క తెల్లవారుజామున తూలుతుంటే ఆ అనుమానమే ముందు రావాలి.

చేయాల్సింది ఒక్కటే. మెడపట్టీ తీసేసి, నడిపించకుండా ఎత్తుకుని కారులో పడుకోబెట్టి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న పశువైద్యశాలకు వెళ్లడం. దారిలోనే ఫోన్ చేసి మందు ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే ఎక్కడుందో వాళ్లే చెప్తారు. తాడు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం, పసరు పూయడం, ఇవన్నీ సమయాన్ని తినేస్తాయి. పామును పట్టుకురానవసరం లేదు, మన దగ్గర దొరికే విరుగుడు ఆ నాలుగు పాములకూ పనిచేసేదే. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి తెలుస్తుంది, అయితే ఆ ఏర్పాటు ప్రధానంగా పాడి పశువుల కోసం, దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి.

వాంతులు, విరేచనాలు, పొట్ట ఉబ్బరం

కుంటలో నిలిచిన నీళ్లు తాగి ఉండవచ్చు, లేదా మీ పళ్లెంలోది తిని ఉండవచ్చు. బొంగులో చికెన్ వాసనకు ఏ కుక్కా ఆగదు, కానీ ఉడికిన కోడి ఎముక సూదుల్లా చీలుతుంది. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఒకసారి వాంతి చేసుకుని హుషారుగా ఉంటే కొన్ని గంటలు తిండి ఆపి, నీళ్లు కొద్దికొద్దిగా ఇస్తే సరిపోతుంది. విరేచనంలో రక్తం, పచ్చబడిన కళ్లు కనిపిస్తే ఆగవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అయితే అది మీకూ సోకుతుంది.

జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న కుక్క కడుపు ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాక అవస్థ పడుతుంటే పొట్ట మెలితిరిగి ఉంటుంది. శస్త్రచికిత్స ఒక్కటే దారి, ప్రతి గంటా విలువైనదే. పొట్టనిండా తిన్నాక పరుగెత్తించకపోవడం మన చేతిలో పని.

ఏ నొప్పికైనా మనం వేసుకునే పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ కుక్కకు వేయవద్దు.

రాత్రి వణుకుతోంది

లంబసింగిలో చలి సున్నా డిగ్రీల దరిదాపులకు దిగే రాత్రులుంటాయి. నేల నుంచి వచ్చే చలే ఎక్కువ. కింద ఫోమ్ చాప, పైన దుప్పటి ఉండాలి. వాగులో తడిసిన కుక్కను పూర్తిగా తుడిచి ఆరబెట్టాకే లోపలికి తీసుకెళ్లండి. మూసిన టెంటులో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టవద్దు, ఆ పొగ మీ ఇద్దరి ప్రాణాలూ తీస్తుంది.

ఊరకుక్కో నక్కో కరిచింది

గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. మీ చేతికి గీతలుంటే తొడుగు వేసుకోండి. టీకా వేయించి ఉన్నా సరే, వెంటనే పశువైద్యుణ్ణి కలిసి మరో మోతాదు వేయించాలి. విడదీయబోయి మీకు గాటు పడితే, మీరు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అదే రోజు వెళ్లాలి.

ఇంటికొచ్చిన వారం, మూడు వారాల మధ్య మందకొడిగా మారింది

పిడుదుల జ్వరం కావచ్చు. గడ్డిలో ఉన్న పిడుదు ముందు ఆవగింజంత ఉంటుంది, రక్తం తాగాక బూడిదరంగు చిక్కుడుగింజలా ఉబ్బుతుంది. అందుకే ప్రతి సాయంత్రం కళ్లతో కాదు, వేళ్లతో వెతకాలి: చెవి మడతలో, పట్టీ కింద, చంకల్లో, వేళ్ల సందుల్లో, తోక కింద. వెంట్రుకలకు ఎదురుగా వేలికొనలు నడిపిస్తే చిన్న బొడిపె తగులుతుంది. పట్టకారుతో చర్మానికి ఆనించి తలను పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా నేరుగా లాగాలి. కిరోసిన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేస్తే అది తన లోపలి ద్రవాన్నంతా కుక్క ఒంట్లోకి కక్కుతుంది.

తిండి మానేయడం, జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం, కాఫీ రంగు మూత్రం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రక్తపరీక్ష చేయించండి. కొండల్లో ఎన్ని రోజులు ఉన్నారో, ఒంటి మీద పిడుదులు దొరికాయో లేదో వైద్యునికి చెప్పండి. పోయినసారి మిగిలిన డాక్సీసైక్లిన్ మాత్రలు సొంతంగా మొదలుపెట్టవద్దు. పిడుదుల వల్ల వచ్చే జబ్బుల్లో ఎర్లీషియాకు అది పనిచేస్తుంది గానీ, మూత్రం రంగు మార్చే బేబీసియాకు వేరే మందు కావాలి.