స్టాప్ మోషన్ సినిమాకు బొమ్మలు, సెట్లు ఎలా తయారు చేయాలి?

బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫోటో తీసి, వాటిని వరసగా నడిపిస్తే అది స్టాప్ మోషన్ సినిమా. ఆ బొమ్మ అందంగా ఉందా లేదా అన్నది తర్వాతి మాట. చెయ్యి ఎత్తి వదిలితే ఎత్తినచోటే నిలుస్తుందా అన్నది మొదటి ప్రశ్న. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 విడి చిత్రాలతో నడుస్తుంది. ఒక్కో భంగిమను రెండు ఫ్రేముల పాటు ఉంచే పద్ధతిలో సెకనుకు 12 ఫోటోలు, నిమిషానికి 720 ఫోటోలు కావాలి. అంటే ఒక్క నిమిషం కోసం బొమ్మను ఏడు వందల సార్లకు పైగా పట్టుకుని, కాస్త కదిపి, వదలాలి. వేలు తీసిన తర్వాత మోచెయ్యి వెంట్రుకవాసి జారినా తెరమీద అది వణుకుగా కనిపిస్తుంది. బొమ్మను ఈ ఒక్క కొలతతోనే తయారు చేసుకోవాలి: కదిపితే కదలాలి, వదిలితే ఆగాలి.

కాగితం మీద మొదలుపెట్టండి

కథలో ఆ బొమ్మ చేసే పనులన్నీ ముందుగా రాసుకోండి. కూర్చుంటుందా, గ్లాసు పట్టుకుంటుందా, పరుగెత్తుతుందా, మాట్లాడుతుందా? కిటికీలోంచి తొంగిచూడటం తప్ప మరో పని లేని ముసలమ్మకు కాళ్లు చేయడం వృథా. ఆ సమయాన్ని ఆమె ముఖానికి ఇవ్వండి.

తర్వాత బొమ్మను ఎదుటి నుంచీ, పక్క నుంచీ అసలు పరిమాణంలోనే గీయండి. 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు అనుకూలం. అంతకంటే చిన్నదైతే వేళ్లు, కనురెప్పలు మన చేతికి చిక్కవు. పెద్దదైతే దానికి తగ్గ ఇల్లు కట్టేసరికి గది చాలదు. ఆరో వంతు స్కేలు తీసుకుంటే ఒకటిన్నర మీటర్ల మనిషి 25 సెంటీమీటర్ల బొమ్మ అవుతాడు. రెండు మీటర్ల తలుపు సుమారు 33 సెంటీమీటర్లకు, 45 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీ ఏడున్నరకు వస్తాయి. పాదాలు కొంచెం పెద్దవిగా, తల వీలైనంత తేలికగా ఉండాలి. తల బరువుకే మెడ వంగిపోతుంది కాబట్టి లోపల థర్మోకోల్ ఉండ పెట్టి, పైన పలచగా మట్టి పూయండి.

లోపలి ఎముకలు

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే, ఎక్కువ ఓపిక పెట్టవలసిందీ ఇక్కడే. మెత్తని అల్యూమినియం తీగ తీసుకోండి. ఇనుప తీగ వంచితే స్ప్రింగులా వెనక్కి వస్తుంది. రాగి తీగ కొన్నిసార్లు వంచేసరికి గట్టిపడిపోతుంది. అల్యూమినియం వంచినచోట ఉంటుంది. 25 సెంటీమీటర్ల బొమ్మకు ఒకటిన్నర మిల్లీమీటర్ల తీగ రెండు పేటలు చేతులకు, మూడు పేటలు కాళ్లకు, వెన్నుకు సరిపోతుంది. వేళ్లకు ఒక మిల్లీమీటరు తీగ ఒంటి పేట చాలు.

పేనడానికి డ్రిల్లు మిషన్ బాగా పనికొస్తుంది. తీగను మధ్యకు మడిచి, మడతను గట్టి కొక్కేనికి తగిలించి, రెండు కొసలను మిషన్ నోట్లో బిగించి నెమ్మదిగా తిప్పండి. కళ్లద్దాలు పెట్టుకోండి, తీగ తెగితే కొరడాలా కొడుతుంది. మెలి మరీ బిగుతుగా పడితే తీగ అప్పుడే గట్టిపడి, షూటింగులో తొందరగా విరుగుతుంది. వదులుగా పేనిన తాడులా ఉంటే చాలు.

పేనిన తీగను బొమ్మ గీసిన కాగితం మీద పరిచి కొలిచి కత్తిరించండి. ఎముకలు ఉండే చోట తీగను గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ పుట్టీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే ముద్ద) చుట్టి గట్టిపడనివ్వండి. పుట్టీ కలిపేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. మోచెయ్యి, మోకాలు, నడుము, మెడ దగ్గర మాత్రం తీగ బయటే ఉండాలి. చిన్న ఖాళీ వదిలితే వంపు అంతా ఒకే బిందువు మీద పడి తీగ అక్కడే విరుగుతుంది. ఈ పరిమాణం బొమ్మకు మోచేతి దగ్గర సుమారు ఒక సెంటీమీటరు వదలండి. అరికాలి పుట్టీ పచ్చిగా ఉండగానే అందులో ఒక చిన్న నట్టు కూర్చోబెట్టండి. సెట్టు కింది నుంచి వచ్చే బోల్టు దానిలో బిగుస్తుంది. ఒంటికాలి మీద నిలబడే ధైర్యం బొమ్మకు వచ్చేది ఆ నట్టుతోనే.

ఎంత జాగ్రత్తగా చేసినా అల్యూమినియం ఏదో ఒకరోజు విరుగుతుంది. ఒకసారి దృశ్యం సగంలో ఉండగా నా బొమ్మ కుడి మోచెయ్యి తెగింది. అతికించి మళ్లీ అదే భంగిమకు తేవడం సాధ్యం కాక, ఆ రోజు తీసినదంతా వదులుకున్నాను. అప్పటి నుంచి భుజాల దగ్గర చతురస్రపు ఇత్తడి గొట్టాలు వాడుతున్నాను. ఒంట్లో కొంచెం పెద్ద గొట్టం, చేతి కొసకు దానిలో బిగుతుగా దూరే చిన్న గొట్టం. చతురస్రం కాబట్టి చెయ్యి దానంతట అది తిరగదు, విరిగితే లాగేసి కొత్తది తొడగవచ్చు. విడి చేతులు రెండు జతలు మొదటే చేసి పెట్టుకోండి. పెద్ద స్టూడియోలు రెండు పలకల మధ్య ఉక్కు గోళీలను మరలతో బిగించిన కీళ్లు వాడతాయి. అవి చాలాకాలం మన్నుతాయి కానీ మొదటి సినిమాకు అంత ఖర్చు అక్కర్లేదు.

కండ పెట్టకముందే పరీక్షించండి. పాదాన్ని బోల్టుతో బిగించి, చేతిని నేలకు సమాంతరంగా చాపి, పది నిమిషాలు వదిలేయండి. వాలితే మరో పేట కలపాలి.

ఒళ్లు, బట్టలు, ముఖం

ఒళ్లంతా మట్టితో చేయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. ఆరని నూనె మట్టి చక్కగా వంగుతుంది, కానీ బరువు ఎక్కువ, వేడి దీపాల కింద మెత్తబడుతుంది, ప్రతి స్పర్శకూ వేలిముద్ర పడుతుంది. ఒంటికి పలచని స్పాంజి చుట్టి, పైన బట్ట తొడిగి, మట్టిని ముఖానికీ చేతులకూ పరిమితం చేయడం మేలు. మోచెయ్యి లోపలి వైపు స్పాంజిని బాగా తగ్గించండి. అక్కడ దళసరిగా ఉంటే నొక్కుకుపోయిన స్పాంజి చేతిని మెల్లగా వెనక్కి తోస్తుంది.

బట్టలకు పలచని నూలు, చిన్న చిన్న గళ్లు లేదా పూలు ఎంచుకోండి. అంచు మడతలో సన్నని తీగ కుడితే పావడా ముడత కూడా మీరు చెప్పినట్టు వింటుంది. బొచ్చు జోలికి వెళ్లకండి. 1933 నాటి కింగ్ కాంగ్ సినిమాలో గొరిల్లా బొచ్చు అలలా కదులుతూ కనిపించేది బొమ్మను కదిపిన వేళ్లు తగలడం వల్లే.

కళ్లకు రంధ్రమున్న తెల్ల పూసలు తీసుకుని, రంధ్రం చుట్టూ కనుపాప రంగు వేయండి. రంధ్రంలో గుండుసూది మొన పెట్టి తిప్పితే ముఖం మీద వేలు పడకుండానే చూపు మారుతుంది. మాట్లాడే బొమ్మకు నోళ్లు విడిగా చేసి మార్చుకోవాలి. మూసిన పెదవులు ప, బ, మ లకు, తెరిచిన నోరు ఆ కు, సాగిన నోరు ఈ, ఏ లకు, గుండ్రని నోరు ఊ, ఓ లకు, కింది పెదవి మీద పళ్లు ఆనినది వ కు, నాలుక కనిపించేది ల కు. ప్రతి నోటి వెనకా ఒకే చోట చిన్న అయస్కాంతం ఉంటే అన్నీ ఒకే స్థానంలో కూర్చుంటాయి.

సెట్టు

సెట్టుకు అసలు కదిలే హక్కే లేదు. బరువైన బల్ల తీసుకుని, కాళ్ల మీద ఇసుక సంచులు వేసి, పైన దళసరి ప్లైవుడ్ మరలతో బిగించండి. బల్ల మీ నడుము ఎత్తులో ఉండాలి, కింద చెయ్యి దూరేంత ఖాళీ ఉండాలి, ఎందుకంటే ప్రతి అడుగుకూ కింది నుంచి బోల్టు మార్చాలి. లోతు 60 సెంటీమీటర్లు దాటితే బొమ్మను అందుకోబోయి చెట్టును పడగొడతారు. గోడలను విడివిడిగా చేసి, తీసి పెట్టుకునేలా బిగించండి. బొమ్మ నడిచిన దారిలో మిగిలిన రంధ్రాలను నేల రంగు మట్టితో పూడ్చండి.

గోడలకు థర్మోకోల్ పలకలు తేలిక, కానీ స్ప్రే రంగు నేరుగా కొడితే కరిగిపోతాయి. ముందు కాగితపు గుజ్జు పూసి, ఆరాక నీటి రంగులు వేయండి. మెరిసే రంగు వద్దు, దీపం అందులో ప్రతిఫలిస్తుంది. కొలత విషయంలో రంగుకంటే గీతలే మోసం చేస్తాయి. అసలు చెక్క ముక్కతో చేసిన బల్ల మీద చెక్క చారలు బొమ్మ చేతికంటే వెడల్పుగా కనిపిస్తాయి. వాటిని పూడ్చి, సన్నని కుంచెతో మళ్లీ గీయండి.

నిజమైన మొక్కలు పెట్టకండి. అవి వాడిపోతాయి, వెలుతురు వైపు తిరుగుతాయి. మీరు గమనించరు, కెమెరా గమనిస్తుంది. కాగితం, తీగ, రంగుతో చేసిన ఆకు ఎన్ని రోజులైనా అలాగే ఉంటుంది. నీటి చుక్కకు గ్లిజరిన్ వాడండి, ఆరదు. బల్ల మీద గ్లాసు నుంచి గోడ మీద పటం దాకా ప్రతి చిన్న వస్తువు కిందా మైనం ముద్ద ఉండాలి.

అంతా సిద్ధమయ్యాక కిటికీలు నల్ల బట్టతో మూసి, దీపాలు వెలిగించి, కెమెరాలో వెలుతురు, రంగు సర్దుబాట్లను చేత్తో స్థిరపరిచి ఒక ఫోటో తీయండి. గది తలుపు వేసి గంట తర్వాత వచ్చి, దేన్నీ ముట్టుకోకుండా మరొకటి తీయండి. రెండింటినీ ఒకదాని వెంట ఒకటి తెరమీద తిప్పి చూస్తే ఏది జారిందో, ఏది ఒరిగిందో వెంటనే దొరుకుతుంది. దాన్ని అతికించి మళ్లీ గంట ఆగండి. రెండు ఫోటోల మధ్య ఏ కదలికా కనిపించనప్పుడు మొదటి ఫ్రేము తీయవచ్చు.