రాత్రి ట్రెయిల్ మీద సైకిలు – 3వ పాఠం: లైటు కొనే ముందు వేయాల్సిన లెక్కలు

గత పాఠంలో మీకు అలవాటైన ట్రెయిల్ మీద, అంటే కొండల్లోనో అడవిలోనో సాగే మట్టి దారి మీద, పగటిపూట రెండు వేగాలు కొలిచి రాసుకున్నారు. రాళ్ల మధ్య మెలికలు తిరిగే చోట ఒకటి, వెడల్పాటి జీపు దారి మీద ఇంకొకటి. ఆ కాగితం ముందు పెట్టుకోండి. లైటు ఎంపిక అక్కడి నుంచే మొదలవ్వాలి. నేరుగా దుకాణానికి వెళ్లినవాళ్లు డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చేసిన లూమెన్ల అంకె చూసి కొంటారు. వాళ్లు వెళ్లే దారి ఎలాంటిదో ఆ అంకెకు తెలియదు.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లాంటి నేలను ఉదాహరణగా తీసుకుందాం. ఎర్రమట్టి, దాని మీద వదులు గులకరాళ్లు, అక్కడక్కడ పైకి తేలిన వేళ్లు. మెలికల దారిలో మీ వేగం గంటకు 18 కిలోమీటర్లు అనుకోండి. అంటే సెకనుకు 5 మీటర్లు. ఎదుట ఏదో కనబడి, అది రాయేనని తేల్చుకుని, బ్రేకు మీద వేళ్లు బిగించేసరికి ఒకటిన్నర సెకను పడుతుంది. ఈలోగా సైకిలు ఏడున్నర మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. గులకల మీద చక్రం జారకుండా ఆగడానికి మరో నాలుగు మీటర్లకు పైగా కావాలి. మొత్తం 12 మీటర్లు. అదే జీపు దారిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే, తేరుకోవడానికే పన్నెండున్నర మీటర్లు పోతాయి, ఆగడానికి ఇంకో పదకొండున్నర. మొత్తం 24. వేగం రెట్టింపు కాలేదు గానీ చూడాల్సిన దూరం రెట్టింపయింది.

దూరం రెట్టింపైతే అదే లైటు అక్కడ ఇచ్చే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి జీపు దారిలోనూ రాళ్లు అంతే స్పష్టంగా కనబడాలంటే నాలుగు రెట్లు శక్తి గల లైటు కావాలి, లేదా ఉన్న వెలుగునే సన్నని పుంజంగా మలిచే లైటు కావాలి. రెండూ కుదరకపోతే వేగం తగ్గించుకోవాలి. మీ సొంత అంకెలతో లెక్క వేసుకోండి: వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి ఒకటిన్నరతో గుణించండి. అదే వేగాన్ని వర్గం చేసి 6తో భాగించండి. రెండూ కలిపితే మీకు కావలసిన దూరం వస్తుంది. ఈ 6 అనేది గులకల నేలకు నేను వాడే అంకె. తడిసిన బంకమట్టి అయితే 4 వేసుకోండి.

డబ్బా మీది అంకెలు చదవడం

లూమెన్లు అంటే లైటు నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుగు. అది ఎటు పోతుందో ఈ అంకె చెప్పదు. చెట్ల కొమ్మల మీద పడే వెలుగూ అందులో లెక్కే. పుంజం నడిమధ్యన ఎంత తీవ్రత ఉందో చెప్పేది క్యాండెలా. ఆ అంకెను దూరం వర్గంతో భాగిస్తే, అంత దూరంలో లైటుకు ఎదురుగా ఉన్న వస్తువు మీద ఎన్ని లక్సుల వెలుగు పడుతుందో వస్తుంది. 10,000 క్యాండెలాల లైటు 20 మీటర్ల దూరంలో 25 లక్సులు ఇస్తుంది. రాళ్ల దారికి అది హాయిగా సరిపోతుంది.

కొన్ని డబ్బాల మీద పుంజం దూరం 200 మీటర్లు అని కూడా ఉంటుంది. ఇది అబద్ధం కాకపోవచ్చు. టార్చిలైట్ల కోసం 2009లో వచ్చిన ఎఫ్‌ఎల్1 అనే అమెరికా ప్రమాణం ప్రకారం, వెలుగు పావు లక్సుకు పడిపోయే చోటును పుంజం దూరం అంటారు. పావు లక్సు అంటే దాదాపు నిండు పున్నమి వెన్నెల. వెన్నెల్లో నడవవచ్చు, సైకిలు మీద రాళ్ల దిబ్బ దిగలేం. నా మటుకు నాకు కనీసం 4 లక్సులు లేనిదే దారి నమ్మబుద్ధి కాదు. 4 అంటే పావుకు పదహారు రెట్లు. పదహారుకు వర్గమూలం నాలుగు గనుక లెక్క సులువు: డబ్బా మీది దూరాన్ని నాలుగుతో భాగించండి. 200 మీటర్ల లైటు మీకు 50 మీటర్ల లైటు. వెలుగు నేల మీద ఏటవాలుగా పడుతుంది కాబట్టి ఇంకాస్త తగ్గించుకున్నా తప్పులేదు.

ఎంతసేపు వెలుగుతుందన్న అంకెలోనూ ఇలాంటి మెలికే ఉంది. అదే ప్రమాణం ప్రకారం, మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా లైటు వెలుగుతున్నట్టే లెక్క. 1,000 లూమెన్లు, 4 గంటలు అని రాసి ఉంటే, చివరి గంటన్నర మీ చేతిలో మిగిలేది 150 లూమెన్లే కావచ్చు. కాలంతో పాటు వెలుగు ఎలా తగ్గుతుందో గీత గీసి చూపించే కంపెనీలూ ఉన్నాయి. అలాంటి గీత కనిపిస్తే, పదిమంది పొగిడిన లైటు కన్నా దానికే నా ఓటు.

సెల్లు ద్వారా సరిచూడడం

ఈ లైట్లలో ఎక్కువగా ఉండేవి 18650 అనే లిథియం సెల్లులు. 18 మిల్లీమీటర్ల అడ్డకొలత, 65 పొడవు, ఆ పేరు అలా వచ్చింది. పేరున్న కంపెనీల సెల్లుల సామర్థ్యం సుమారు 3,500 మిల్లీయాంపియర్ అవర్ దగ్గర ఆగుతుంది. దాన్ని 3.6 వోల్టులతో గుణిస్తే 12.6 వాట్ అవర్లు. మంచి ఎల్‌ఈడీ లైటు ఒక్కో వాటుకు సుమారు 100 లూమెన్లు బయటికి ఇస్తుందని పెట్టుకోండి. 1,000 లూమెన్లకు 10 వాట్లు. కాబట్టి ఒక సెల్లున్న లైటు పూర్తి వెలుగుతో గంటకు పైన ఓ పావుగంట, రెండు సెల్లులున్నది రెండున్నర గంటలు. దానిలో నాలుగో వంతు తిరుగు ప్రయాణానికని పక్కన పెట్టండి.

ఇప్పుడు పదిహేను వందల రూపాయలకు 10,000 లూమెన్లు, రెండు సెల్లులు అని ఊరించే ప్రకటన తీసుకోండి. 10,000 లూమెన్లకు 100 వాట్లు కావాలి. రెండు సెల్లుల్లో ఉన్నది 25 వాట్ అవర్లు. మాట నిజమే అయితే పదిహేను నిమిషాల్లో ఆరిపోవాలి, అంత వేడికి పిడికిలంత లైటు ముట్టుకోలేనంతగా కాలాలి. రెండూ జరగడం లేదంటే లూమెన్ల మాట ఉత్తదే. సెల్లు మీద 9,900 మిల్లీయాంపియర్ అవర్ అని రాసి ఉన్నా అంతే సంగతి. వంటింటి తూకం మీద పెట్టి చూడండి. అసలైన 18650 సుమారు 45 నుంచి 48 గ్రాములు తూగుతుంది. మరీ తేలిగ్గా ఉంటే లోపల సరుకు తక్కువని అర్థం.

తల మీదనా, హ్యాండిల్ మీదనా

ఇద్దరు సైకిలువాళ్లు కలిస్తే తెగని వాదన ఇది. రెండూ ఉండాలి. ఎందుకో ఒక రాయి దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది. దారి మధ్యలో అరచేయంత రాయి ఉంది. హ్యాండిల్ మీది లైటు మీ కంటికి అర మీటరు కింద ఉంటుంది గనుక రాయి వెనక పడే నీడ మీకు కనబడుతుంది. ఆ నీడ పొడవును బట్టే రాయి ఎత్తు తెలుస్తుంది. హెల్మెట్ లైటు దాదాపు కంటి పక్కనే ఉంటుంది. నీడ రాయి వెనకే దాక్కుంటుంది. రాయి, దాని పక్కన గుంట, ఎండుటాకు, అన్నీ ఒకే మట్టంలో అతికించిన బొమ్మల్లా కనబడతాయి. అందుకే హెల్మెట్ లైటును హ్యాండిల్ లైటు కన్నా మరీ శక్తివంతంగా పెట్టుకోకూడదు, కింది లైటు చూపించే నీడలను పైది చెరిపేస్తుంది.

కానీ మలుపు వచ్చిందంటే హ్యాండిల్ లైటు లోయ వైపు చూస్తుంది, హెల్మెట్ లైటు మీరు చూసిన చోటికి వస్తుంది. పంక్చరు వేసుకోవడానికీ అదే దిక్కు. కాబట్టి ఈ నెల ఒక్కదానికే డబ్బులుంటే హెల్మెట్ లైటే కొనండి, హ్యాండిల్‌కు బిగించే క్లాంపు కూడా వచ్చేదాన్ని చూసి. లంబసింగి చలికాలపు పొగమంచులోనో, ముందువాళ్లు లేపిన ఎర్రదుమ్ములోనో తల మీది వెలుగు తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది. అప్పుడు దాన్ని ఊడదీసి కిందికి దించాల్సిందే.

హెల్మెట్‌కు 150 గ్రాములు దాటని లైటు, 10 నుంచి 20 డిగ్రీల సన్నని పుంజం మేలు. హ్యాండిల్‌కు 30 డిగ్రీలు, ఆ పైన. హ్యాండిల్‌కు రబ్బరు పట్టీతో కట్టేవి రోడ్డుకు చాలు, రాళ్ల దారిలో తల వాలుస్తాయి. స్క్రూతో బిగించే అల్యూమినియం క్లాంపు ఉన్నదే కొనండి. మీ హ్యాండిల్ మధ్యభాగం 31.8 మిల్లీమీటర్లా, 35 మిల్లీమీటర్లా అన్నది ముందే కొలుచుకోండి. జర్మనీ రోడ్డు నిబంధనల కోసం పైభాగం కోసేసినట్టు చేసిన పుంజాలు మనకు పనికిరావు, ట్రెయిల్ మీద కొమ్మలు కూడా కనబడాలి.

రంగు సంగతి చాలామంది పట్టించుకోరు. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు. 6,500 కెల్విన్ల నీలి తెలుపు అంకెల్లో ప్రకాశవంతంగా ఉంటుంది, నేల మీద మాత్రం మట్టి, వేరు, ఎండుటాకు అన్నీ ఒకే బూడిదరంగులోకి వెళ్లిపోతాయి. 4,000 నుంచి 5,000 కెల్విన్ల మధ్య గోధుమరంగు ఛాయలు విడివిడిగా కనబడతాయి. రాత్రిపూట తిరిగే రక్తపింజరి ఆకుల్లో ఆకులా పడుకునే మన ప్రాంతంలో ఇది సోకు కోసం చెప్పే మాట కాదు.

వానకు ఐపీఎక్స్4, అంటే నీటి చిందులను తట్టుకునే స్థాయి, చాలు. ఛార్జింగ్ రంధ్రానికి బిగుతైన మూత ఉండాలి, ఎర్రదుమ్ము దేన్నీ వదలదు. వెనక ఎర్రలైటు రోడ్డెక్కాక వేసుకోండి, ట్రెయిల్ మీద వెనకవాళ్ల కళ్లు పోతాయి. రక్షిత అడవిలోకి రాత్రి వెళ్లాలంటే ఎంత మంచి లైటున్నా అటవీ శాఖ అనుమతి తప్పదు.

ఇంటిపని

ఎవరి దగ్గరైనా లైటు అరువు తెచ్చుకుని మేడ మీద చేయండి. గోడకు 5 మీటర్ల దూరంలో లైటు పెట్టి, ప్రకాశవంతమైన వలయం వెడల్పు కొలవండి. సుమారు 90 సెంటీమీటర్లుంటే అది 10 డిగ్రీల పుంజం, 2.7 మీటర్లుంటే 30 డిగ్రీలు.

తర్వాత 10 మీటర్ల దూరంలో ఒక కొబ్బరిచిప్ప, ఒక ఇటుక ముక్క, ఒక ఎండుటాకు పెట్టి, లైటును మొదట నుదుటి దగ్గర, తర్వాత నడుము దగ్గర పట్టుకుని చూడండి. నీడలు ఎప్పుడు పొడవయ్యాయో రాసుకోండి.

చివరిది కాస్త ఓపిక పని. టేబుల్ ఫ్యాను ముందు లైటును పూర్తి వెలుగులో పెట్టి, గోడ మీద ఒకే చోట ఫోనులోని లక్సు కొలిచే యాప్‌తో పది నిమిషాలకోసారి కొలవండి. సైకిలు మీద తగిలే గాలికి ఆ ఫ్యాను బదులు. ఫ్యాను ఆపి మరోసారి చేస్తే, నిటారు ఎక్కుడులో నెమ్మదిగా వెళ్లేటప్పుడు వేడెక్కి ఆ లైటు ఎంత తగ్గిపోతుందో తెలుస్తుంది.

ఈ మూడు కొలతలూ, మీ రెండు వేగాలకు వచ్చిన దూరాలూ దగ్గర పెట్టుకోండి. వచ్చే పాఠంలో రెండు లైట్లనూ ఏ కోణంలో వంచి బిగించాలో ఆ అంకెలతోనే చూద్దాం.