మూడు రోజుల డిటాక్స్ – రెండో పాఠం: ఏం తినాలి, ఏం మానాలి

పోయిన పాఠంలో మూడు రోజుల పాటు తిన్నదీ తాగిందీ ఏదీ వదలకుండా రాసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఇవాళ్టి పాఠం దాని మీదే. ఒక ఎర్ర పెన్ను, ఒక ఆకుపచ్చ పెన్ను ఉంటే మంచిది. డిటాక్స్ రోజుల్లో మానాల్సిన వాటి కింద ఎర్ర గీత, ఉంచుకోవాల్సిన వాటి కింద ఆకుపచ్చ గీత గీస్తూ చదవండి. రాసుకోకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు కనీసం నిన్న తిన్నదైనా గుర్తు తెచ్చుకుని రాయండి. మధ్యలో నోట్లో వేసుకున్న బిస్కట్లు కూడా లెక్కే.

ముందుగా ఒక విషయం తేల్చుకుందాం. ఏదో జ్యూసు తాగితే ఒంట్లో చెత్తంతా కడుక్కుపోతుందని ప్రచారం బాగా ఉంది. ఆ పని చేసేది జ్యూసు కాదు, కాలేయం, మూత్రపిండాలు. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, అందులో లీటరో రెండు లీటర్లో బయటికి పంపి, మిగతాది తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. మనం చేయగలిగిన సాయం రెండు రకాలు: వాటి మీద అనవసరమైన భారం వేయకపోవడం, వాటికి కావలసిన సరుకు అందించడం. మొదటిది ఎర్ర పెన్ను పని, రెండోది ఆకుపచ్చ పెన్ను పని.

ముందు ఎర్ర పెన్ను

మద్యం దగ్గర ఆలోచించే పని లేదు, గీత గీసేయండి. కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ని మాత్రమే విరగ్గొట్టగలదు. కాఫీ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం పెరగదు.

తర్వాత చక్కెర. పైనుంచి కలిపిన చక్కెరతో పాటు తేనె, పళ్ల రసాల్లోని చక్కెరని కూడా కలిపి రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బా ఒక్కదానిలోనే 35 గ్రాముల దాకా ఉంటుంది. చాలామంది డిటాక్స్ పేరుతో పూటపూటా తాగే పళ్ల రసం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పండు కొరికి తినండి, పీచు దానితో పాటే లోపలికి వెళ్తుంది. వడకట్టిన రసంలో పీచు దాదాపు మిగలదు.

ఉప్పు విషయంలో కాస్త లెక్క నేర్చుకోవాలి. పరిమితి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను లోపే. ప్యాకెట్ల మీద చాలాసార్లు ఉప్పు అని కాకుండా సోడియం అని రాస్తారు. ఆ అంకెని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. 100 గ్రాములకు 600 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే ఒకటిన్నర గ్రాముల ఉప్పు అన్నమాట. చిప్స్, ఇన్‌స్టంట్ నూడుల్స్, ప్యాకెట్ సూపులు, సాసులు, ప్రాసెస్ చేసిన మాంసం ఇక్కడే దొరికిపోతాయి. పదార్థాల జాబితాలో దేని బరువు ఎక్కువైతే దాని పేరు ముందుంటుంది. మొదటి మూడు పేర్లలో చక్కెరో నూనో కనిపిస్తే ఈ మూడు రోజులకు ఆ ప్యాకెట్ పక్కన పెట్టండి.

కాఫీ, టీ తాగేవాళ్లకు ఒక హెచ్చరిక. మొదటి రోజే ఒక్కసారిగా మానేయకండి. అలవాటు పడ్డవాళ్లు ఆపిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు మొదలవుతాయి. దాన్ని 'విషాలు బయటికి పోతున్న లక్షణం' అని చెప్పేవాళ్లుంటారు. అది కెఫీన్ అందకపోవడం వల్ల వచ్చే తలనొప్పి, అంతే. వారం ముందు నుంచే కప్పులు తగ్గించుకుంటూ రండి. చక్కెర లేకుండా రోజుకు ఒక కప్పు ఉంచుకున్నా కొంపలేం మునగవు.

ఇప్పుడు ఆకుపచ్చ పెన్ను

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మూడు రోజులూ జ్యూసులు, పళ్లు, కూరగాయలే అనుకుని ప్రొటీన్‌ని పూర్తిగా వదిలేస్తారు. కాలేయం మందుల్నీ హార్మోన్లనీ ఇతర వ్యర్థాల్నీ రెండు దశల్లో మారుస్తుంది. మొదటి దశలో వాటి రూపు మారుతుంది. రెండో దశలో వాటికి గ్లైసీన్, సల్ఫేట్, గ్లూటాథయోన్ లాంటివి తగిలించి నీటిలో కరిగేలా చేసి బయటికి పంపుతుంది. ఈ తగిలించే సరుకులో చాలా భాగం మనం తినే ప్రొటీన్ నుంచే తయారవుతుంది. అంటే ఒంటిని శుభ్రం చేసుకుందామని కూర్చుని, శుభ్రం చేసే అవయవానికే సరుకు ఆపేస్తున్నాం. నా దృష్టిలో జ్యూసు డైట్లకు ఉన్న పెద్ద లోపం ఇదే.

ఎంత కావాలి? సాధారణంగా కిలో బరువుకు 0.8 గ్రాములు. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, ఒక కప్పు ఉడికిన పప్పుల్లోనో శనగల్లోనో రాజ్మాలోనో 15 గ్రాముల చుట్టుపక్కల, 100 గ్రాముల చేపలో సుమారు 20 గ్రాములు ఉంటాయి. మాంసాహారం తిననివాళ్లు రెండు కప్పుల పప్పులు, ఒక పెద్ద గిన్నెడు పెరుగు, గుప్పెడు బాదం తీసుకుని, ధాన్యాల నుంచి వచ్చేది కలుపుకుంటే లెక్క సరిపోతుంది.

కూరగాయలు, పళ్లు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు. బంగాళాదుంపలు ఇందులోకి రావు. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీల్లో ఏదో ఒకటి రోజూ ఉంటే మంచిది. ఓట్స్‌లోనూ బార్లీలోనూ ఉండే కరిగే పీచు పేగుల్లో పైత్యరసపు ఆమ్లాల్ని పట్టుకుని మలంతో పాటు బయటికి లాగేస్తుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని వాడుకుంటుంది. ఒంట్లోంచి నిజంగా ఏదో బయటికి పంపే తిండి కావాలంటే ఇదిగో, ఇది. కాకపోతే ఇప్పటిదాకా పీచు అంతగా తిననివాళ్లు ఒక్కరోజులో పెంచితే కడుపు ఉబ్బరం ఖాయం, మెల్లగా పెంచండి.

నీళ్లు దాహం తీరేదాకా తాగండి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలు. లీటర్లకు లీటర్లు బలవంతంగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. నిమ్మరసం రుచి కోసం కలుపుకోండి, అంతకు మించి ఆశించకండి.

ఒక రోజు ఇలా ఉండొచ్చు

ఉదయం ఓట్స్, పెరుగు, ఒక యాపిల్. మధ్యాహ్నం కంచంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పు లేదా చేప, మిగతా పావు ముడి బియ్యం లాంటి పొట్టు తీయని ధాన్యం. సాయంత్రం గుప్పెడు బాదం, ఒక నారింజ. రాత్రికి కూరగాయల సూపు, రెండు గుడ్లు లేదా శనగలు. ఆకలేస్తే ఇంకాస్త తినండి, ఇది ఉపవాసం కాదు. మూడో రోజున తూకం ఒకటి రెండు కిలోలు తగ్గినా సంబరపడిపోకండి. ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే చక్కెర రూపం) ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. పోయేది ఎక్కువగా ఆ నీరే.

ఇవి ఎవరికి వద్దు?

ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు డాక్టర్‌ని అడగకుండా తిండి మార్చకూడదు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతుంటే ఆకుకూరలు ఒక్కసారిగా పెంచడం ప్రమాదం, వాటిలోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డం పడుతుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు పచ్చి పాలకూర జ్యూసుల జోలికి వెళ్లొద్దు, అందులో రాళ్లు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్ ఎక్కువ. డిటాక్స్ టీ పేరుతో అమ్మేవాటిలో సెన్నా లాంటి విరేచనకారి ఉందేమో చూసుకోండి. అది నీటినీ పొటాషియంనీ పోగొడుతుంది, అంతే.

అభ్యాసం

మీ కాగితంలో ఎర్ర గీతలు ఎక్కువగా ఏ పూట పడ్డాయో చూడండి. ఆ ఒక్క పూటకే బదులు ఏం తింటారో మూడు రోజులకూ రాయండి. వంటింట్లో ఉన్న ఏవైనా ఐదు ప్యాకెట్లు తీసి సోడియం నుంచి ఉప్పు లెక్క కట్టండి. చివరగా మీ బరువుకు ఎంత ప్రొటీన్ కావాలో, మీరు రాసుకున్న భోజనాల్లో ఎంత వస్తుందో పక్కపక్కనే వేయండి. తేడా 10 గ్రాములు దాటితే ఒక కప్పు పప్పు కలిపి మళ్లీ చూడండి. మూడో పాఠంలో నాలుగో రోజు గురించి చెప్పుకుందాం: మానేసిన వాటిలో ఏది ముందు తిరిగి తీసుకోవాలి, ఏది తీసుకోనక్కర్లేదు అని.