ఇంటి నుంచే పని చేసుకునేవారు అద్దెలో ఎంత ఖర్చు రాయవచ్చు?

ముందు మీ ఆదాయపు పన్ను రిటర్న్ ఏ పద్ధతిలో వేస్తున్నారో చూసుకోండి. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్ల వంటి వృత్తులవారు ఖర్చుల లెక్కలు రాయకుండానే లాభం చూపే సెక్షన్ 44ఏడీఏ కింద ఫీజులో సగాన్ని లాభంగా చూపిస్తే, మిగతా సగంలోనే అద్దె, కరెంటు, ఇంటర్నెట్ అన్నీ కలిసిపోయినట్టు. ఆ లాభంలోంచి అద్దె మళ్లీ తీసేస్తే చెల్లదు. ఎక్కువగా జరిగే తప్పు ఇదే. అసలు ఖర్చులు ఫీజులో సగం దాటితేనే విడిగా లెక్కలు రాయడం గిట్టుబాటు. అప్పుడు కూడా మొత్తం ఆదాయం పన్ను మినహాయింపు పరిమితి దాటితే ఆడిట్ తప్పదు, ఆడిటర్ ఫీజునూ లెక్కలో వేసుకోండి.

లెక్కలు రాసేవారికి సెక్షన్ 30 కింద పనికి వాడే భాగపు అద్దె ఖర్చవుతుంది, ఇల్లంతటిదీ కాదు. టేపు పెట్టి కొలవండి. గది 10 బై 12 అడుగులు, అంటే 120 చదరపు అడుగులు. ఇల్లు లోపలి కొలత 800 అయితే మీ వాటా 15 శాతం. 16,000 అద్దెలో నెలకు 2,400, ఏడాదికి 28,800. అగ్రిమెంట్‌లోని సూపర్ బిల్టప్ అంకెతో భాగిస్తే మెట్లు, లిఫ్టు, కారిడార్ కూడా అందులో పడి మీ వాటా అన్యాయంగా తగ్గిపోతుంది. రాత్రి పిల్లలు పడుకునే గదే అయితే పనిగంటల మేరకు తగ్గించండి. గది ప్లాన్ గీసి, కొలతలు రాసి, తేదీ వేసి అగ్రిమెంట్‌తో పాటు ఫైల్లో ఉంచండి. అధికారి అడిగాక గీసిన కాగితానికి విలువ ఉండదు.

అద్దె బ్యాంకు నుంచే పంపండి. ఒకే రోజు ఒకరికి 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు ఒప్పుకోరు. నెల అద్దె 50,000 దాటితే, ముందటి ఏడాది ఫీజు 50 లక్షలు మించని వృత్తినిపుణులు 2 శాతం టీడీఎస్ (అద్దెలోంచి ముందే కోసే పన్ను) పట్టి కట్టాలి.

ఇంట్లో దిగేటప్పుడు ఇచ్చిన అడ్వాన్సు తిరిగొచ్చే సొమ్ము, ఖర్చు కాదు. సొంతింటికి మీకు మీరే అద్దె రాసుకోలేరు. నాన్నగారి ఇల్లయితే అగ్రిమెంట్ ఉండాలి, అద్దె బయటి రేటును మించకూడదు, ఆయన దాన్ని తన ఆదాయంలో చూపాలి.

నివాసానికి వాడే మిగతా భాగానికి, పాత పన్ను విధానంలో ఉంటే ఇంటి అద్దెకు మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80జీజీ చూడండి. నెలకు 5,000కు మించి రాదు, ఫారం 10బీఏ ముందే దాఖలు చేయాలి. కొత్త విధానంలో ఇది లేదు, వ్యాపార ఖర్చు మాత్రం రెండింటిలోనూ చెల్లుతుంది. ఈ సెక్షన్ నంబర్లన్నీ 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 చట్టం నంబర్లు వేరు.