సంబంధిత మార్పు రేట్ల లెక్కలు ఎలా చేయాలి?

ఒక రాశి ఎంత వేగంగా మారుతోందో తెలిసినప్పుడు, దానితో ముడిపడి ఉన్న మరో రాశి ఎంత వేగంగా మారుతుందో కనుక్కోవడమే ఈ లెక్కల సారాంశం. వీటిలో విద్యార్థులను తికమకపెట్టేది అవకలనం (మార్పు రేటు కనుక్కునే గణిత ప్రక్రియ) కాదు, ఏ సంఖ్యను ఎప్పుడు ప్రతిక్షేపించాలన్నదే.

మొన కిందికి ఉన్న ఒక శంకువు ఆకారపు తొట్టిని తీసుకుందాం. దాని ఎత్తు 12 మీటర్లు, పైఅంచు వ్యాసార్ధం 4 మీటర్లు. అందులోకి నిమిషానికి 2 ఘనపు మీటర్ల చొప్పున నీరు చేరుతోంది. లోతు 6 మీటర్లు ఉన్న క్షణంలో నీటి మట్టం ఎంత వేగంగా పెరుగుతుంది?

మొదట పటం గీయండి. ఎప్పటికీ మారని 12, 4 లను పటంలో నేరుగా రాయవచ్చు. మారే వాటికి మాత్రం అక్షరాలే వాడాలి: నీటి ఘనపరిమాణం ఘ, నీటి ఉపరితల వ్యాసార్ధం వ, లోతు ల. ఆ 6 ఒక్క క్షణానికి చెందిన విలువ కాబట్టి దాన్ని పటంలోకి రానివ్వకుండా పక్కన రాసి పెట్టుకోండి.

రెండో అడుగులో రాశులను కలిపే సమీకరణం రాయాలి: ఘ = (1/3) × పై × వ² × ల (ఇక్కడ పై అంటే π). ఇందులో వ గురించి మనకూ తెలియదు, ప్రశ్నా అడగలేదు. సరూప త్రిభుజాల వల్ల వ/ల = 4/12, అంటే వ = ల/3 అవుతుంది కనుక, ఘ = పై × ల³/27.

ఇప్పుడు రెండు వైపులా కాలం దృష్ట్యా అవకలనం చేయండి. ల కూడా కాలంతో పాటు మారేదే కాబట్టి గొలుసు నియమం ప్రకారం (ల³ మార్పు రేటు = 3ల² × ల మార్పు రేటు):

ఘ మార్పు రేటు = (పై × ల²/9) × ల మార్పు రేటు

పక్కన ఉంచిన 6 కు ఇప్పుడే అవసరం. 2 = 4 × పై × ల మార్పు రేటు. అంటే మట్టం నిమిషానికి దాదాపు 0.16 మీటర్లు, అనగా 16 సెంటీమీటర్లు పెరుగుతుంది. గమనిస్తే, ఆ 4 × పై అన్నది ఆ క్షణంలో నీటి ఉపరితల వైశాల్యమే. లోతు 3 మీటర్లే ఉన్నప్పుడు ఆ వైశాల్యం నాలుగో వంతు కనుక మట్టం నాలుగు రెట్లు వేగంగా పెరగాలి. సమాధానం సరిచూసుకోవడానికి ఇది మంచి పద్ధతి.

తొందరపడి ముందే ప్రతిక్షేపిస్తే ఏమవుతుందో నిచ్చెన లెక్కలో స్పష్టంగా తెలుస్తుంది. గోడకు ఆనించిన 5 మీటర్ల నిచ్చెన అడుగు సెకనుకు 1 మీటరు చొప్పున గోడకు దూరంగా జారుతోంది. అడుగు 3 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు పైకొస ఎత్తు 4 మీటర్లు. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం దూరం² + ఎత్తు² = 25. ముందే 9 + 16 = 25 అని రాసి అవకలనం చేస్తే 0 = 0 తప్ప ఏమీ మిగలదు. అక్షరాలతోనే చేస్తే దూరం × దూరం రేటు + ఎత్తు × ఎత్తు రేటు = 0 అవుతుంది, దాని నుంచి పైకొస రేటు సెకనుకు −3/4 మీటరు వస్తుంది. ఎత్తు తగ్గుతోంది కాబట్టి రుణ గుర్తు ఉండి తీరాలి. అన్నట్టు, పైకొస నేలను సమీపించే కొద్దీ ఈ సూత్రం అంతులేని వేగాన్ని చూపిస్తుంది. నిజానికి కొస అంతకుముందే గోడను వదిలేస్తుంది, ఆ తరువాత పైథాగరస్ సమీకరణం వర్తించదు.